కత్తిపీట, కోరాము, స్లైసరు: కోనసీమ వంటింట్లో చేతి చరిత్ర

సంక్రాంతి సెలవుల్లో కోనసీమ వైద్యుడి దగ్గరకు కత్తిగాట్లు రెండు దారుల్లో వస్తాయి. ఒకటి కోడిపందేల బరి నుంచి, రెండవది వంటింటి నుంచి. మొదటివాటి గురించి పత్రికలు ఏటా రాస్తాయి. రెండవవాటి గురించి ఎవరూ రాయరు. గాయపడినవారు సైతం "ఏముందిలెండి, కూర తరుగుతుంటే తెగింది" అని తేల్చివేస్తారు.

నేను వృత్తి విరమించడానికి కొన్నేళ్ళ ముందు, ఒక భోగినాటి సాయంత్రం, పండుగకు హైదరాబాదు నుంచి వచ్చిన ఒక అమ్మాయిని ఆమె మామ్మగారు నా దగ్గరకు తీసుకువచ్చారు. అరటికాయ చిప్స్ తీస్తుండగా బొటనవేలి కొన నుంచి రూపాయి బిళ్ళలో సగమంత కండ లేచిపోయింది. కట్టు కడుతూ ఉంటే మామ్మగారు అడిగిన మాట నాకు ఇప్పటికీ గుర్తుంది. "అరవై ఏళ్ళుగా కత్తిపీట ముందు కూర్చుంటున్నానండీ, డాక్టరుగారూ. నా వేలెప్పుడూ తెగలేదని అనను. కానీ ఇలా కండ ఊడిరావడం మాత్రం ఎరగనండీ. ఇంత పొడుగు కత్తికి లేని కోపం ఈ ప్లాస్టిక్ పలకకెందుకండీ?"

ఆ ప్రశ్నకు ఆనాడు నా దగ్గర సరైన జవాబు లేదు. తరవాత తీరిక దొరికినప్పుడల్లా వెతుకుతూ వచ్చాను. జవాబు వైద్య గ్రంథాలలో కొంత, మన వంటిళ్ళ చరిత్రలో చాలా దొరికింది. ఆ చరిత్రను, దాని నుంచి ఈనాటి చేతులు నేర్చుకోవలసిన జాగ్రత్తలను కలిపి ఇక్కడ రాస్తున్నాను.

నిలిచి ఉండే కత్తి

ప్రపంచంలో కూర తరిగే పద్ధతులు ప్రధానంగా రెండు. ఒకదానిలో కూరగాయ నిలిచి ఉంటుంది, కత్తి కదులుతుంది. ఐరోపా, చైనా వంటిళ్ళు ఈ దారిన నడిచాయి. రెండవదానిలో కత్తి నిలిచి ఉంటుంది, కూరగాయ కదులుతుంది. ఇది మన దారి. తెలుగులో కత్తిపీట అన్నదానిని తమిళులు అరివాళ్‌మణై అంటారు, కన్నడిగులు ఈళిగెమణె అంటారు, మరాఠీలు విళీ అంటారు, ఒడియా వారు పనికి అంటారు, బెంగాలీలు బొటి అంటారు. పేర్లు వేరు, ఒడుపు ఒక్కటే. నేల మీద పీట, పీట మీద మోకాలో పాదమో, మనవైపు పదును తిప్పి పైకి వంగిన కత్తి, దానికి రెండు ప్రక్కలా రెండు చేతులు.

ఇందులో రెండు వృత్తుల కలయిక ఉంది. కత్తి కమ్మరిది, పీట వడ్రంగిది. దక్షిణాపథంలో ఇనుప పని మూడువేల ఏళ్ళ నాటిది. బృహత్‌శిలా సమాధులలో చనిపోయినవారి ప్రక్కన ఇనుప కత్తులు, కొడవళ్ళు దొరికాయి. నిజామాబాదు ప్రాంతంలోని కోనసముద్రంలో కాచిన ఉక్కు కోసం పారశీక వర్తకులు వచ్చేవారని, 1820ల ప్రాంతంలో సర్వే శాఖలో వైద్యుడిగా, భూగర్భ పరిశీలకుడిగా పనిచేసిన హెన్రీ వాయ్‌సీ వర్ణించాడు. పొరుగు దేశాలు కరవాలాలకు వాడుకొన్న ఉక్కు విద్య పుట్టిన నేల మనది. మన ఊరి కమ్మరి మాత్రం నాగళ్ళు, కొడవళ్ళు, కత్తిపీటలు చేశాడు. చరిత్ర పుస్తకాలకు కరవాలం ఎక్కింది, కత్తిపీట ఎక్కలేదు.

కత్తిపీటలో ఒక వైద్యుడు మెచ్చుకోదగిన గుణాలు మూడున్నాయి. కత్తి పదును ఎప్పుడూ కంటికి ఎదురుగా ఉంటుంది. తరిగే బలం శరీరానికి దూరంగా, ముందుకు పోతుంది. రెండు చేతులూ కూరగాయనే పట్టుకొని ఉంటాయి కనుక కత్తి ఎటు జారుతుందో అన్న బెంగ లేదు; ఆగవలసినది చేయి మాత్రమే. ఆ ఆగడమే అసలు విద్య. చిక్కుడుకాయ ఈనె తీసేటప్పుడు, బెండకాయను చక్రాలుగా తరిగేటప్పుడు, పదునుకు వెంట్రుకవాసి ఇవతల చేయి తనంతట తాను నిలిచిపోవాలి. అది చెబితే వచ్చేది కాదు. ఏళ్ళ తరబడి కూర్చుంటే వచ్చేది.

కుందేలు, మేక, కోరాము

కోనసీమకు తూర్పున గౌతమి, పడమర వశిష్ఠ, నడుమ వైనతేయ, దక్షిణాన సముద్రం. ఈ ఒండ్రునేలకు కొబ్బరితో ఉన్న అనుబంధం వేరుగా చెప్పనక్కరలేదు. అంబాజీపేట సంతలో పలికే ధరే ఇక్కడి ఇంటి లెక్కలను నడిపిస్తుంది. ఇదే గోదావరి పుట్టే నాసిక్ సీమలో, సుమారు పంతొమ్మిది వందల ఏళ్ళ క్రిందట, నహపాణుని అల్లుడు ఉషవదాతుడు ఒక గ్రామంలో 32,000 కొబ్బరి చెట్లను దానమిచ్చినట్లు గుహాశాసనం వేయించాడు. అంతటి దానానికి ఎక్కదగినంత విలువ ఆ చెట్టుకు అప్పటికే ఉండేది.

కొబ్బరి ఇంట్లోకి వచ్చేసరికి మూడు పదునులు దాటివస్తుంది. దింపు కార్మికుడి కత్తి ఒకటి. నేలలో నిలువుగా పాతిన గునపం మీద కాయ పొట్టి పీచు వలిచే వలుపు కార్మికుడి పదును రెండవది. ఇక్కడ కూడా గమనించండి: గునపం కదలదు, కాయ కదులుతుంది. మూడవది వంటింట్లోని కోరాము. కొన్ని ఇళ్ళలో అది విడిగా పీటకు బిగించి ఉంటుంది, కొన్ని ఇళ్ళలో కత్తిపీట కొననే పళ్ళున్న బిళ్ళగా సాగదీసి ఉంటుంది.

కొబ్బరి ఉన్న చోటల్లా కోరాము ఉంది. శ్రీలంకలో హిరమనయ, కేరళలో చిరవ. థాయిలాండులో దానిని కుందేలు అంటారు. పూర్వం ఆ పీటను కుందేలు ఆకారంలో చెక్కేవారు, ముందుకు పొడుచుకు వచ్చిన ఇనుప పళ్ళు కుందేటి పళ్ళు. తూర్పు ఆఫ్రికా తీరంలో స్వాహిలీ మాట్లాడేవారు దానిని మేక అంటారు. హిందూ మహాసముద్రం చుట్టూ ఒకే పనిముట్టు, దాని మీద కూర్చుని ఒకే భంగిమలో పనిచేసే స్త్రీలు. ఐరోపాలోనూ తురిమే పనిముట్లు పాతవే. హోమరు ఇలియడ్ కావ్యంలో మేక పాల జున్నును కంచు తురుముపీట మీద తురిమి ద్రాక్షాసవంలో కలిపే సన్నివేశం ఉంది.

కోరాము పళ్ళు చూస్తే భయం వేస్తుంది. అయినా నా వృత్తి జీవితంలో కోరాము మీద కండ ఊడినవారిని చాలా తక్కువగా చూశాను. కారణం చిప్ప. కోరేటప్పుడు అరచేతికీ పళ్ళకూ మధ్య గట్టి కొబ్బరి చిప్ప ఉంటుంది. పళ్ళు చిప్ప లోపల తిరుగుతాయి, చేయి చిప్ప వెలుపల ఉంటుంది. ప్రకృతి ఆ కాయతో పాటు చేతికి ఒక డాలును కూడా ఇచ్చింది. చిప్ప అంచు దగ్గర తెల్లటి కొబ్బరి అయిపోయి గోధుమ రంగు తగలగానే చేతికి ఒక గరగర తెలుస్తుంది, ఆపమని. ఈ చిప్ప సంగతి గుర్తుంచుకోండి. చివరికి మళ్ళీ దీని దగ్గరకే వస్తాము.

కూరగాయలే గురువులు

సులభమైన కూరగాయల మీద ఎవరికైనా చేయి తిరుగుతుంది. కోనసీమ పంటలు అంత సులభమైనవి కావు.

కొబ్బరి తోటల నీడలో అంతరపంటగా పండే కందను తీసుకోండి. దాని గుజ్జులో కాల్షియం ఆక్సలేటు స్ఫటికాలు సూదుల్లా ఉంటాయి. తోలు తీస్తుంటే అవి చర్మంలో గుచ్చుకొని దురద పుట్టిస్తాయి. దురద పెట్టిన చేయి పట్టు సడలిస్తుంది, పట్టు సడలిన చేయి తెగుతుంది. అందుకే మన పెద్దలు చేతికి నూనె రాసుకొని, కందను తడి లేకుండా తుడిచి తరిగేవారు. పనసకాయది మరొక పాఠం. దాని జిగురు కత్తినీ చేతినీ ఒకటిగా అతికిస్తుంది. పనసపొట్టు కొట్టేవారు చేతికీ కత్తికీ నూనె పట్టించి, కాయను ఒక చేత్తో తిప్పుతూ, బరువైన కత్తితో పొడుగు గాట్లు పెట్టి, ఆ గాట్ల మీద సన్నగా చెక్కుతారు. ఆ చప్పుడులోని లయను బట్టే కొట్టేవారి అనుభవం తెలిసిపోతుంది. రావులపాలెం మార్కెట్టు నుంచి వచ్చే కూర అరటికి మరక, జారుడు. ఆవకాయకు కొత్తపల్లి కొబ్బరి మామిడిని టెంకతో సహా కొట్టాలంటే బలంతో పాటు గురి ఉండాలి. మామిడి సొన పడితే కొందరికి చర్మం పొక్కుతుంది, ఎందుకంటే మామిడి, జీడిమామిడి ఒకే కుటుంబపు చెట్లు.

ఇన్ని కష్టమైన కాయలతో రోజూ వండిన స్త్రీలను మన చరిత్ర పేరుపేరునా తలచుకోలేదు. ఒక్క పేరు మాత్రం నిలిచింది: లంకల గన్నవరానికి చెందిన డొక్కా సీతమ్మగారు (1841–1909). గోదావరి దాటివచ్చే బాటసారులకు వేళాపాళా లేకుండా అన్నం పెట్టిన ఇల్లాలు. వైనతేయ మీది అక్విడక్టుకు ఆమె పేరు పెట్టారు. 2024లో రాష్ట్ర ప్రభుత్వం బడి పిల్లల మధ్యాహ్న భోజన పథకానికి కూడా ఆమె పేరే పెట్టింది. ఆమె పెట్టిన అన్నాన్ని అందరూ తలచుకుంటారు. ఆ అన్నంలోకి కూర కావాలంటే ప్రతి పూటా ఎవరో ఒకరు కత్తిపీట ముందు కూర్చోవాలి కదా. అన్నదానమన్నది వేళ్ళతో చేసే పని కూడా.

క్రమంగా వచ్చిన విద్య

మా ఇంట్లోనూ, నేను వైద్యానికి వెళ్ళిన ఇళ్ళలోనూ చూసిన పద్ధతి ఇది. ఏడెనిమిదేళ్ళ పిల్లను కత్తిపీట దగ్గర కూర్చోబెట్టేవారు కాదు. గోరుచిక్కుడు చేత్తో తుంచడం, చింతకాయ పీచు తీయడం అప్పగించేవారు. తరవాత మెత్తని ఆకుకూర, పెద్దవారి ప్రక్కన. ఆ పైన పొడుగ్గా ఉండి పట్టుకు దొరికే బెండ, పొట్ల, దొండ. గుండ్రంగా దొర్లే వంకాయ, ఉల్లి ఆ తరవాత. కంద, గుమ్మడి చేయి పూర్తిగా తిరిగాక మాత్రమే. చేపను తరగడం అన్నిటికన్నా చివర.

దీనితో పాటు కొన్ని కట్టుబాట్లు. కత్తిపీటను దాటకూడదు. పని కాగానే తుడిచి, పదునును గోడవైపు తిప్పి పడుకోబెట్టాలి. తరిగేటప్పుడు పిలిస్తే తల తిప్పకుండా పలకాలి. వీటిని కొందరు మూఢనమ్మకాల లెక్కలో వేస్తారు. నేలమీద పాకే పిల్లలున్న ఇంట్లో ఇవి భద్రతా నియమాలు. పట్టణాల్లో నేడు కర్మాగారాల గోడల మీద రాసే మాటలే, మామ్మల నోట ఆచారం రూపంలో ఉండేవి.

ఒక విషయాన్ని మాత్రం దాచకూడదు. ఈ విద్య అంతా ఆడపిల్లలకే బలవంతపు చదువు అయింది. కత్తిపీట ముందు గంటల తరబడి గొంతుక్కూర్చున్న నడుములు, మోకాళ్ళు పెద్దవయసులో ఎంత బాధపడ్డాయో నేను చూశాను. పాత వంటిల్లు తిరిగి రావాలని నేను కోరడం లేదు. అందులోని చేతి తెలివి ఒక్కటీ పోకుండా ఉంటే చాలు.

నేల మీద నుంచి గట్టు మీదకు

ఇరవయ్యో శతాబ్దంలో వంటిల్లు లేచి నిలబడింది. 1913లో ఇంగ్లండులోని షెఫీల్డు నగరంలో హ్యారీ బ్రియర్లీ తుప్పు పట్టని ఉక్కును రూపొందించాడు. క్రమంగా అది మన ఇళ్ళకు గిన్నెలుగా, తరవాత కత్తులుగా చేరింది. పాత ఇనుప కత్తిపీట మీద వంకాయ, అరటికాయ నల్లబడేవి. వాటిలోని వగరు పదార్థాలు ఇనుముతో కలిసినప్పుడు పుట్టే నలుపు అది. స్టీలు కత్తి ఆ నలుపును తీసివేసింది. ఊళ్ళో వంట గ్యాసు కొందరి ఇళ్ళకే ఉన్న కాలం పోయి, 1999లో ఉమ్మడి రాష్ట్రంలో మొదలైన దీపం పథకంతో డ్వాక్రా మహిళల ఇళ్ళకు సైతం సిలిండరు చేరింది. గ్యాసు పొయ్యికి గట్టు కావాలి. గట్టు వచ్చాక వంట నిలబడి చేసే పని అయింది. నిలబడి చేసేవారికి నేలమీది కత్తిపీట పనికిరాదు. అది అటక ఎక్కింది. గట్టు మీదకు చాకు, పలక, తురుముపీట, ఆ వెనుక స్లైసరు వచ్చాయి.

స్లైసరుకు విదేశీ వంటిళ్ళలో మాండలిన్ అని పేరు. మాండలిన్ అంటే మనకు వశిష్ఠ ఆవలి ఒడ్డున పాలకొల్లులో పుట్టిన ఉప్పలపు శ్రీనివాస్ గుర్తుకు వస్తారు. ఆ వాయిద్యానికీ, ఈ పనిముట్టుకూ పేరు ఒకటే గాని, ఇది పలికించేది మరో రాగం. సన్నపాటి తురుముపీటల కథ ఇంకా విచిత్రం. 1990లలో వడ్రంగులు కొయ్యను గీయడానికి తయారైన ఆకురాయి లాంటి పనిముట్టుతో కెనడాలో ఒక ఇల్లాలు నారింజ తొక్కను తురిమి చూసింది. అది వంటింటి పనిముట్టుగా ప్రపంచమంతా పాకింది.

స్లైసరు కూడా వడ్రంగి బంధువే. చిత్రికను వెల్లకిలా తిప్పితే స్లైసరు. అయితే వడ్రంగి రెండు చేతులూ చిత్రిక పిడి మీద ఉంటాయి, కొయ్య క్రింద ఉంటుంది. స్లైసరులో కొయ్య స్థానంలో కూరగాయ, దాని మీద మన వేళ్ళు.

మామ్మగారి ప్రశ్నకు జవాబు

ఇప్పుడు జవాబు చెప్పవచ్చు. స్లైసరులో కత్తి నిలిచి ఉంటుంది, కూరగాయ కదులుతుంది. అంటే అది కత్తిపీట వంశానిదే. కానీ కత్తిపీటలోని మూడు రక్షణలు ఇందులో లేవు.

మొదటిది, కత్తి కనబడదు. కూరగాయ క్రింద దాగి ఉంటుంది. రెండవది, చేయి ఆగనక్కరలేదు. ప్రతి తోపులోనూ చేయి కత్తిని దాటి వెళ్ళి తిరిగి వస్తుంది. "పదును ముందు ఆగు" అని కత్తిపీట నేర్పిన పాఠానికి ఇది పూర్తిగా విరుద్ధం. మూడవది, ప్రతి తోపుతో కూరగాయ పలచబడుతుంది. మొదటి తోపులో వేలికీ కత్తికీ మధ్య నాలుగంగుళాల అరటికాయ ఉంటుంది. ఇరవయ్యో తోపుకు అర అంగుళం మిగులుతుంది. చేతి వేగం మాత్రం తగ్గదు, ఎందుకంటే అప్పటికి చేయి లయలో పడిపోయింది. గాయాలలో అత్యధికం ఈ చివరి అర అంగుళం దగ్గర జరుగుతాయి. పైగా స్లైసరు కత్తి పలుచగా, అడ్డంగా ఉంటుంది కనుక గాటు పెట్టదు, చెక్కు తీస్తుంది. అందుకే మామ్మగారు అరవై ఏళ్ళలో చూడని గాయం మనవరాలికి అరగంటలో తగిలింది.

మనవరాలి తప్పు ఏమీ లేదు. మామ్మకు పదేళ్ళ శిక్షణ దొరికింది. మనవరాలికి దొరికింది ఒక అట్టపెట్టె.

చిప్పను తిరిగి తెచ్చుకుందాం

ఆ అట్టపెట్టెలోనే స్లైసరుతో పాటు గుండ్రటి పిడి ఒకటి వస్తుంది, అడుగున చిన్న మేకుల్లాంటి పళ్ళతో. దానిని గార్డు అంటారు. చాలా ఇళ్ళలో అది మొదటి రోజే సొరుగు అడుగుకు చేరుతుంది. కోరాము మీద కొబ్బరి చిప్ప చేసే పనే అది చేస్తుంది. కూరగాయను గార్డుకు గుచ్చి పట్టుకుంటే వేలికీ పదునుకూ నడుమ ఒక చిప్ప ఉన్నట్లే. గార్డు పోయి ఉంటే గాటు పడని చేతి తొడుగులు దొరుకుతాయి. రెండూ లేకపోతే ఒకే నియమం: రెండంగుళాలు మిగలగానే ఆపి, ఆ ముక్కను చాకుతో తరుక్కోవాలి. చివరి ముక్క విలువ రూపాయి ఉండదు.

కొత్తగా నేర్చుకునేవారు పాత క్రమాన్నే పాటించవచ్చు. మొదటి వారం పొడుగ్గా, మెత్తగా, పట్టుకు దొరికే దోసకాయ, ముల్లంగి. తరవాత బంగాళాదుంప, అరటికాయ. గట్టి కంద, చిలగడదుంప ఆఖరున. అవి మరీ గట్టిగా ఉంటే స్లైసరు మీద పెట్టనే కూడదు, ఎందుకంటే బలం ఎక్కువ పెట్టినప్పుడే చేయి హఠాత్తుగా జారుతుంది. గుండ్రటి కాయను ముందు సగానికి కోసి, కోసిన చదును భాగాన్ని క్రిందికి ఉంచాలి. స్లైసరు క్రింద తడి గుడ్డ మడిచి వేస్తే కదలదు. అరచేయి చాచి, వేళ్ళు పైకి ఎత్తి తోయాలి. తోపులు లెక్కపెట్టుకోవడం ఒక మంచి అలవాటు. లయలో పడిన చేతిని లెక్క మేలుకొలుపుతుంది. ఫోను మోగితే కూరగాయను పూర్తిగా పక్కన పెట్టి పలకాలి.

తురుముపీటకు కూడా ఇవే సూత్రాలు. అల్లం, క్యారెట్టు చివరి ముక్క తురమకండి. పైనుంచి క్రిందికి ఒకే దిశలో తురిమితే పట్టు నిలుస్తుంది. మొద్దుబారిన కత్తి భద్రమైనదని అనుకోకండి. మొద్దు కత్తికి బలం కావాలి, బలం పెట్టిన చేయి జారుతుంది. సాన పట్టేవాడు వీధిలోకి వస్తే పిలవండి. కడగవలసిన కత్తిని, స్లైసరును సబ్బునీళ్ళ గిన్నెలో ముంచి వదలకండి. నీళ్ళ క్రింద కనబడని పదును మరొకరి చేతికి తగులుతుంది. "పదునును గోడవైపు తిప్పి పడుకోబెట్టు" అన్న మామ్మల మాటకు నేటి రూపం ఇదే.

తెగినప్పుడు

ఎంత జాగ్రత్తపడినా ఒకనాడు తెగుతుంది. వేలి కొనలో రక్తనాళాలు, నాడులు దట్టంగా ఉంటాయి. అందుకే చిన్న గాటుకు కూడా రక్తం, నొప్పి ఎక్కువ. కుళాయి నీటి క్రింద కడిగి, శుభ్రమైన గుడ్డతో గట్టిగా నొక్కి, చేతిని గుండెకన్నా ఎత్తుగా పట్టుకొని పది నిమిషాలు ఉండండి. మధ్యలో ఆగిందా అని తీసి చూడకండి. కాఫీపొడి, సున్నం, పసుపు అద్దకండి. అవి గాయంలో మలినంగా మిగిలి, కుట్లు వేసేవారికి పని పెంచుతాయి. వేలికి రబ్బరు బ్యాండు బిగించకండి.

పది పదిహేను నిమిషాలు నొక్కినా రక్తం ఆగకపోతే, వేలు వంచలేకపోతే లేదా చాపలేకపోతే, వేలి కొన మొద్దుబారితే, ఎముక కనబడితే, గోరు చీలితే ఆలస్యం చేయకుండా వైద్యుడిని చూడాలి. మధుమేహం ఉన్నవారు, రక్తం పలుచబరచే మందులు వాడేవారు చిన్న గాయాన్ని కూడా చూపించుకోవాలి. ముక్క పూర్తిగా తెగిపోతే దానిని శుభ్రమైన తడి గుడ్డలో చుట్టి, ప్లాస్టిక్ సంచిలో వేసి, ఆ సంచిని మంచు మీద ఉంచి వెంట తీసుకురండి. ముక్క నేరుగా మంచుకు తగలకూడదు. ఎముక బయటపడకుండా చర్మం కొద్దిగా లేచిన గాయాలు చాలావరకు సరైన కట్లతో కొన్ని వారాలలో వాటంతట అవే పూడుకుంటాయి.

ధనుర్వాతం గురించి ఒక అపోహ తొలగించాలి. అది తుప్పు వల్ల రాదు. మట్టిలో, పశువుల పేడలో ఉండే సూక్ష్మజీవి వల్ల వస్తుంది. 1884లో జర్మనీలో నికోలాయర్ దాని జాడ పట్టాడు, 1889లో జపాను శాస్త్రజ్ఞుడు కిటసాటో దానిని వేరుచేశాడు. పేడతో అలికిన నేలమీద కత్తిపీట ఉన్న రోజుల్లో ఆ భయం నిజమైనదే. పురిటి గదిలో శుభ్రం చేయని కొడవలితో, బ్లేడుతో బొడ్డు కోయడం వల్ల ఎందరు పసికందులు పోయారో నా తరం వైద్యులు ఎరుగుదురు. 1985లో మొదలైన సార్వత్రిక టీకా కార్యక్రమం, ఆసుపత్రి కాన్పులు ఆ కథను మార్చాయి. 2015లో భారతదేశం బాలింతలలో, నవజాత శిశువులలో ధనుర్వాతాన్ని నిర్మూలించినట్లు ప్రపంచ ఆరోగ్య సంస్థ గుర్తించింది. అయితే ఆ సూక్ష్మజీవి మట్టిలోనే ఉంది. ఇప్పుడు టీటీకి బదులు టీడీ ఇస్తున్నారు. పూర్తి టీకాలు వేసుకున్నవారికి శుభ్రమైన చిన్న గాయమైతే చివరి టీకా వేసుకొని పదేళ్ళు, మట్టి తగిలిన గాయమైతే అయిదేళ్ళు దాటితే మరొకటి అవసరం. తెగిన ప్రతిసారీ ఇంజెక్షన్ అక్కరలేదు. ఎప్పుడు వేయించుకున్నారో ఒక కాగితం మీద రాసి ఉంచుకుంటే చాలు.

ఆ అమ్మాయి వేలు నాలుగు వారాలకు పూడుకుంది. మరుసటి ఏడు కనుమనాడు, జగ్గన్నతోట ప్రభల తీర్థానికి వెళుతూ మామ్మా మనవరాళ్ళు మా ఇంటి ముందు ఆగారు. ఆ ఏడు కొబ్బరి లౌజుకు కొబ్బరి తానే కోరిందని, మామ్మగారే దగ్గర కూర్చుని నేర్పారని ఆ అమ్మాయి చెప్పింది. స్లైసరు ఏమైందని అడిగాను. "వాడుతున్నామండీ," అన్నారు మామ్మగారు. "దాని చిప్ప ఎక్కడో పారేసుకుంది. వెతికించి తెప్పించాను."